దూరం పెరిగినా ముందే చేరిన విమానం

అమెరికాలోని బే ఏరియాలో కొడుకో కూతురో ఉన్న తెలుగు కుటుంబాలకు ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం బాగా తెలిసినదే. మధ్యలో ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లే ఈ సర్వీసును ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ప్రారంభించింది. మొదట్లో విమానం పడమర వైపు, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళ్లేది. దాదాపు 13,900 కి.మీ. దూరం, సుమారు పదహారున్నర గంటల ప్రయాణం.

2016 అక్టోబరు 16న అదే విమానం తూర్పు వైపు తిరిగింది. చైనా, జపాన్ దాటి పసిఫిక్ మహాసముద్రం మీదుగా శాన్ ఫ్రాన్సిస్కోలో దిగింది. ఈ దారిలో దూరం సుమారు 15,300 కి.మీ. అంటే పాత దారి కంటే 1,400 కి.మీ. ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే కూడా ఎక్కువే. అయినా ప్రయాణం దాదాపు పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. దూరం పెరిగింది, సమయం మాత్రం రెండు గంటలు తగ్గింది.

విమానం అదే. బోయింగ్ 777-200 ఎల్ఆర్. ఇంజిన్లు కూడా అవే. మరి ఆ రెండు గంటలు ఎక్కడ మిగిలాయి? సమాధానం కావాలంటే రెండు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత? ఆ దూరం దాటడానికి ఎంతసేపు పడుతుంది? మొదటిది రేఖాగణితం. రెండోదాన్ని చాలావరకు గాలి నిర్ణయిస్తుంది.

గ్లోబు మీద దారం

ఒక గ్లోబు, కాస్త దారం తీసుకోండి. దారం ఒక కొసను ఢిల్లీ మీద, రెండో కొసను శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం ఏ దారిన బిగుసుకుంటుందో అదే రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. ఆ దారాన్ని అలాగే పొడిగిస్తూ గ్లోబు చుట్టూ తిప్పితే అది గ్లోబును సరిగ్గా రెండు సమాన భాగాలు చేస్తుంది. ఇలాంటి వృత్తాన్ని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రేఖాంశాలన్నీ మహావృత్తాల్లో సగాలు. కానీ భూమధ్యరేఖను మినహాయిస్తే మిగతా అక్షాంశాలేవీ మహావృత్తాలు కావు. అందుకే ఒకే అక్షాంశం మీద ఉన్న రెండు ఊళ్ల మధ్య కూడా నేరుగా తూర్పుకో పడమరకో వెళ్లడం అతి దగ్గరి దారి కాదు.

గోడకు తగిలించే ప్రపంచ పటం మనల్ని ఇక్కడే పొరపాటు పడేలా చేస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచేటప్పుడు ఏదో ఒకటి సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో దిక్కులు సరిగ్గా ఉంటాయి, దూరాలు మాత్రం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ విపరీతంగా సాగుతాయి. ఆ పటం మీద తిన్నటి గీత నిజానికి చుట్టుదారి. వంపు తిరిగినట్టు కనిపించే గీతే దగ్గరిదారి.

దగ్గరి ఊళ్ల మధ్య దూరాన్ని కాగితం, పెన్సిల్‌తోనే లెక్కగట్టవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఢిల్లీ విమానాశ్రయం 28.57 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.11 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. రెండింటి అక్షాంశాల తేడా 11.33 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 111.2 కి.మీ. కాబట్టి ఉత్తర–దక్షిణ దూరం 1,260 కి.మీ.

రేఖాంశాల తేడా 1.32 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతూ పోతాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ 111 కి.మీ. ఉంటే, హైదరాబాద్–ఢిల్లీల మధ్యనున్న 23 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 102 కి.మీ.కు తగ్గుతుంది. 111ను 23 డిగ్రీల కొసైన్ విలువ 0.92తో గుణిస్తే వచ్చేది ఇదే. ఆ లెక్కన తూర్పు–పడమర దూరం సుమారు 135 కి.మీ. ఇక పైథాగరస్ సూత్రం ప్రకారం 1,260 వర్గానికి 135 వర్గాన్ని కలిపి వర్గమూలం తీస్తే 1,267 కి.మీ. వస్తుంది.

ఖండాలు దాటే దూరాలకు ఈ చిట్కా సరిపోదు. భూమి వంపును లెక్కలోకి తీసుకునే గోళ త్రికోణమితి కావాలి. కంప్యూటర్లు సాధారణంగా వాడే సూత్రానికి హావర్‌సైన్ సూత్రం అని పేరు. ఒకటిలోంచి కొసైన్‌ను తీసేస్తే వచ్చేది వర్‌సైన్, అందులో సగం హావర్‌సైన్. ఈ వర్‌సైన్ మనకు కొత్తదేం కాదు. భారతీయ ఖగోళ గణితంలో దాని పేరు ఉత్క్రమజ్య, సూర్యసిద్ధాంతంలో దాని ప్రస్తావన ఉంది. గ్రహాల స్థానాలు లెక్కించిన ఆ గణితానికి దగ్గరి చుట్టమే ఇప్పుడు విమాన దూరాలను లెక్కిస్తోంది.

మరింత కచ్చితత్వం కావాలంటే భూమి పూర్తి గోళం కాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్థం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357 కి.మీ. ఈ 21 కి.మీ. తేడా వల్ల గోళం అనుకుని వేసిన లెక్కలో గరిష్ఠంగా అర శాతం వరకు తప్పు రావచ్చు.

ఒకే జంట, మూడు దూరాలు

ఇదే సూత్రాన్ని ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో జంటకు వర్తింపజేస్తే మహావృత్త దూరం సుమారు 12,380 కి.మీ. వస్తుంది. అట్లాంటిక్ దారి 13,900, పసిఫిక్ దారి 15,300. అంటే ఆ రెండూ అతి దగ్గరి దారులు కావు.

అసలు దగ్గరి దారి ఢిల్లీ నుంచి తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. దాదాపు ఉత్తరానికి, కేవలం 16 డిగ్రీలు తూర్పుకు ఒరిగి బయలుదేరుతుంది. హిమాలయాలు, టిబెట్ అంచు, చైనాలోని జింజియాంగ్, సైబీరియా దాటి 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన ఆర్కిటిక్ సముద్రాన్ని తాకుతుంది. అక్కడి నుంచి అలాస్కా మీదుగా కిందికి దిగి శాన్ ఫ్రాన్సిస్కో చేరుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 160 డిగ్రీలు. అంటే భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపులు. అందుకే దగ్గరి దారి ధ్రువం పక్కగా సాగుతుంది.

ఈ దారికి మొదటి అడ్డంకి హిమాలయాల ఎత్తు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు, విమానం ఎగిరేది దాదాపు 10,000 నుంచి 12,000 మీటర్ల ఎత్తున. కాబట్టి మామూలు రోజున పర్వతాలను దాటడం కష్టం కాదు. ప్రమాదం వచ్చిన రోజునే చిక్కు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి ఆడుతుంది. ప్రయాణికుల ముందు జారిపడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో సుమారు పావుగంట సేపే వస్తుంది. కానీ టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లకు పైగా ఉంటుంది. 3,000 మీటర్లకు దిగడానికి అక్కడ చోటే లేదు. అందుకే ఎక్కువ విమానాలు ఆ ప్రాంతాన్ని చుట్టి వెళ్తాయి.

ఏటికి ఎదురీత

చుట్టూ తిరగక తప్పనప్పుడు ఎటు తిరగాలి? బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివినవాళ్లు పడవ–ప్రవాహం లెక్కలు ఎన్నో చేసి ఉంటారు. నిశ్చలమైన నీటిలో పడవ వేగం ఇంత, ఏటి వేగం ఇంత అయితే ప్రవాహం వెంట ఎంత, ఎదురుగా ఎంత అని అడుగుతారు. విమానం లెక్క కూడా సరిగ్గా అంతే. నీటి స్థానంలో గాలి ఉంటుంది.

విమానానికి రెండు వేగాలు ఉంటాయి. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది కదిలే వేగం ఎయిర్ స్పీడ్. పెద్ద జెట్ విమానాలకు ఇది గంటకు సుమారు 900 కి.మీ. నేలతో పోలిస్తే కదిలే వేగం గ్రౌండ్ స్పీడ్. గాలి వెనుక నుంచి వీస్తే ఎయిర్ స్పీడ్‌కు గాలి వేగం కలుస్తుంది, ఎదురుగా వీస్తే అందులోంచి తగ్గుతుంది. ఇంజిన్లకు, రెక్కలకు తెలిసేది ఎయిర్ స్పీడ్ ఒక్కటే. గమ్యం ఎప్పుడు చేరతామో చెప్పేది గ్రౌండ్ స్పీడ్.

ఇప్పుడు మళ్లీ ఆ రెండు దారులను చూద్దాం. 13,900 కి.మీ.లను 16.5 గంటలతో భాగిస్తే సగటు గంటకు 842 కి.మీ. 15,300ను 14.5తో భాగిస్తే 1,055 కి.మీ. ఒకే విమానం రెండు దారుల్లో గంటకు 200 కి.మీ.కు పైగా తేడాతో ప్రయాణించింది. ఒక దారిలో అది గాలికి ఎదురీదింది. ఇంకో దారిలో గాలి దాన్ని మోసుకుపోయింది.

ఆ గాలే జెట్ స్ట్రీమ్. భూమధ్యరేఖ ప్రాంతం వేడిగా, ధ్రువాలు చల్లగా ఉండటం వల్ల పై వాతావరణంలో పీడనం తేడా ఏర్పడుతుంది. గాలి ధ్రువాల వైపు కదలబోతే భూమి భ్రమణం దాన్ని పక్కకు మళ్లిస్తుంది. ఫలితంగా 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు పరుగెత్తే సన్నని గాలి నదులు పుడతాయి. వేడి, చలి మధ్య తేడా శీతాకాలంలో పెరుగుతుంది కాబట్టి ఇవీ అప్పుడే బలంగా ఉంటాయి. జపాన్ మీద శీతాకాలంలో వీటి వేగం గంటకు 300 కి.మీ. దాటుతుంది.

వీటిని తొలిసారి క్రమపద్ధతిలో కొలిచింది కూడా జపాన్‌లోనే. వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి 1920లలో తతెనో పరిశోధన కేంద్రం నుంచి బెలూన్లు వదిలి పై గాలుల వేగాన్ని లెక్కగట్టాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో తన నివేదికను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించాడు. దాంతో దాన్ని దాదాపు ఎవరూ చదవలేదు. 1944 చివర్లో టోక్యో మీదికి వెళ్లిన అమెరికన్ బీ-29 బాంబర్లు ఈ గాలుల్లో చిక్కుకున్నాకే మిగతా ప్రపంచానికి వాటి బలం తెలిసొచ్చింది.

ఎయిర్ ఇండియా విమానం తిరుగు ప్రయాణంలోనూ తూర్పు దిక్కునే ఎంచుకుంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి అమెరికా, అట్లాంటిక్, ఐరోపా మీదుగా ఢిల్లీకి వచ్చింది. అంటే పోయి వచ్చేసరికి భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ. రెండు వైపులా గాలి తోడే.

పోయేటప్పుడు పోగొట్టుకున్న సమయం వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకు అనిపించవచ్చు. అలా పూర్తిగా రాదు. 9,000 కి.మీ. దారిని గాలి లేకుండా గంటకు 900 కి.మీ. వేగంతో పోయి వస్తే 20 గంటలు. గంటకు 100 కి.మీ. గాలి ఉంటే వెళ్లేటప్పుడు 9 గంటలు, వచ్చేటప్పుడు 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టం లాభాన్ని మించిపోతుంది.

2020 ఫిబ్రవరిలో ఐరోపాను సియారా తుఫాను వణికిస్తున్నప్పుడు న్యూయార్క్ నుంచి లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. దాని గ్రౌండ్ స్పీడ్ ఒక దశలో గంటకు 1,327 కి.మీ. తాకింది. ఆ ఎత్తులో ధ్వని వేగం సుమారు 1,060 కి.మీ. అయినా విమానం ధ్వనిని దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం మామూలుగానే ఉంది. గాలే దాన్ని మోసుకుంటూ పరుగెత్తింది.

భూమి తిరగడం వల్ల లాభం లేదా?

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానానికి గమ్యం ఎదురొచ్చి త్వరగా చేరాలి కదా అని చాలామంది అడుగుతారు. ఢిల్లీ అక్షాంశం దగ్గర నేల గంటకు సుమారు 1,460 కి.మీ. వేగంతో తిరుగుతోంది. ఆ లెక్కన హెలికాప్టర్ గాలిలో ఊరికే నిలబడితే చాలు, ఊళ్లన్నీ కిందుగా జరిగిపోవాలి. అలా జరగదు. నేలతో పాటు గాలీ, ఆ గాలిలోని విమానమూ తిరుగుతున్నాయి. రైల్లో కూర్చుని నాణెం పైకి ఎగరేస్తే అది మళ్లీ మన చేతిలోనే పడినట్టే. భూమి భ్రమణం విమానాన్ని ముందుకు గానీ వెనక్కు గానీ నేరుగా నెట్టదు. జెట్ స్ట్రీమ్ దిశను మలచడం ద్వారానే ప్రయాణ సమయంలో జోక్యం చేసుకుంటుంది.

టికెట్ మీద ఉండే సమయం

హైదరాబాద్–ఢిల్లీ దూరం 1,267 కి.మీ. గంటకు 830 కి.మీ. వేగంతో వెళ్తే గంటా 32 నిమిషాలు చాలు. టికెట్ మీద మాత్రం దాదాపు రెండుంపావు గంటలు ఉంటుంది. విమానయాన సంస్థలు లెక్కపెట్టేది గాలిలో గడిపిన సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు.

రన్‌వే దాకా నడక, ముందు వరుసలో ఉన్న విమానాల కోసం ఆగడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం అన్నీ ఇందులోకే వస్తాయి. దాదాపు 10,000 మీటర్ల ఎత్తు నుంచి దిగడం గమ్యానికి సుమారు 200 కి.మీ. ముందే మొదలవుతుంది. 10,000 అడుగుల కింద వేగం సాధారణంగా గంటకు 463 కి.మీ. దాటకూడదు. చిన్న ప్రయాణాల్లో ఈ నెమ్మది భాగాల వాటా ఎక్కువ, అందుకే సగటు వేగం బాగా పడిపోతుంది.

విదేశీ ప్రయాణమైతే గడియారాల తేడా కూడా కలుస్తుంది. అక్టోబరులో ఢిల్లీ కంటే శాన్ ఫ్రాన్సిస్కో పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి పద్నాలుగున్నర గంటలు ప్రయాణిస్తే మన గడియారంలో సాయంత్రం ఆరున్నర అవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం అదే తేదీన ఉదయం 6 గంటలు. అంతర్జాతీయ దినరేఖను తూర్పుకు దాటడంతో తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది. అమ్మానాన్నల్ని తీసుకురావడానికి విమానాశ్రయానికి ఏ రోజు వెళ్లాలో తేల్చుకునేటప్పుడు ఈ తీసివేత తప్పితే ఒక రోజు తేడా వచ్చేస్తుంది.

ఆకాశంలో సరిహద్దులు

గాలి, పర్వతాలు ప్రకృతివి. మూడో అడ్డంకి మనుషులది. 2019 ఫిబ్రవరి 27న పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసివేసింది. జూలై 16న తిరిగి తెరిచేదాకా ఢిల్లీ నుంచి ఐరోపా, అమెరికా వెళ్లే విమానాలు దక్షిణంగా అరేబియా సముద్రం మీదుగా చుట్టి వెళ్లాయి. జూలై 2 నాటికి ఎయిర్ ఇండియాకు దీనివల్ల 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని ప్రభుత్వం రాజ్యసభలో తెలిపింది. 2025 ఏప్రిల్ 24న భారతీయ విమానాలకు ఆ దారి మళ్లీ మూతపడింది. అదే విధంగా 2022లో రష్యా ఆకాశం మూసుకున్నాక హెల్సింకి–టోక్యో ప్రయాణం సుమారు తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటలకు పెరిగింది. రెండు నగరాల మధ్య మహావృత్త దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు.

అదనపు గంట అంటే అదనపు ఇంధనం. ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం. బరువు పరిమితి దాటితే సరకులు దింపాలి, ఒక్కోసారి సీట్లు ఖాళీగా వదలాలి, లేదా మధ్యలో ఆగి ఇంధనం నింపుకోవాలి. టికెట్ ధరలోనూ, వాతావరణంలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లోనూ ఆ గంట కనిపిస్తుంది.

చివరిది భద్రత. రెండు ఇంజిన్ల విమానం ఎక్కడున్నా, ఒక ఇంజిన్ ఆగిపోయినా, నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలగాలి. ఒకప్పుడు ఈ పరిమితి 60 నిమిషాలు. ఇంజిన్ల నమ్మకం పెరిగాక 1985లో 120 నిమిషాలకు పెంచారు, తర్వాత ఇంకా పెరిగింది. ఈ నిబంధన ఎందుకో 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానంలో ఇంజిన్ సమస్య తలెత్తడంతో పైలట్లు దాన్ని రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో సురక్షితంగా దించారు. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. మరో విమానం వచ్చి వాళ్లను తీసుకెళ్లింది. దారి గీసేటప్పుడే ఇలాంటి ఊళ్లను లెక్కలో పెట్టుకుంటారు.

ఈ కారణాలన్నిటి వల్ల ఒకే సర్వీసు నిన్న వెళ్లిన దారిలోనే ఇవాళ వెళ్తుందని చెప్పలేం. బయలుదేరడానికి కొన్ని గంటల ముందు విమానయాన సంస్థ సిబ్బంది పై గాలుల అంచనాలు, మూసిన ఆకాశాలు, అత్యవసరంగా దిగగల విమానాశ్రయాలు, విమానం బరువు చూసుకుని ఆ రోజు దారిని తయారు చేస్తారు. వాళ్లు వెతికేది అతి తక్కువ కిలోమీటర్ల దారి కాదు, ఆ రోజు అతి తక్కువ ఖర్చుతో క్షేమంగా చేర్చే దారి.

ఈసారి విమానం ఎక్కినప్పుడు ముందు సీటు వెనక ఉన్న తెర మీద గ్రౌండ్ స్పీడ్ చూడండి. పెద్ద విమానం స్థిరంగా ఎగురుతున్నప్పుడు ఆ సంఖ్యలోంచి 900 తీసివేస్తే, బయట గాలి మీతో వస్తోందో ఎదురొస్తోందో, సుమారుగా ఎంత వేగంతో వీస్తోందో తెలిసిపోతుంది.